స్టోరేజీ సర్వర్‌లో ర్యామ్‌ మార్పిడి: ముందు డేటా భద్రం, తర్వాతే మూత తీయడం

ర్యామ్‌ మీద ప్రశ్న రాని కంప్యూటర్‌ పరీక్ష అరుదు. పాలిటెక్నిక్‌ డిప్లొమా, ఐటీఐలో సిస్టమ్‌ మెయింటెనెన్స్‌ ట్రేడ్‌, బ్యాంకుల ఐటీ ఆఫీసర్‌ పోస్టులు, కాంప్‌టియా సర్వర్‌ ప్లస్‌ సర్టిఫికేషన్‌.. దేనికి చదువుతున్నా ఈ అధ్యాయం తప్పదు. నిర్వచనాలు, తేడాలు అడిగితే చాలామంది బాగానే రాస్తారు. ‘పనిచేస్తున్న స్టోరేజీ సర్వర్‌లో ఒక మెమరీ మాడ్యూల్‌ చెడిపోయింది. దాన్ని సురక్షితంగా మార్చే విధానం రాయండి’ అన్న ప్రశ్న దగ్గర తడబాటు మొదలవుతుంది. డెస్క్‌టాప్‌లో చేసినట్టే పవర్‌ తీయాలి, పాతది తీయాలి, కొత్తది పెట్టాలి అని మూడు ముక్కల్లో ముగిస్తారు. అసలు విషయం ఆ సమాధానంలో లేదు. స్టోరేజీ సర్వర్‌లో ర్యామ్‌ పోతే ఎంత ఖరీదైనా మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ ర్యామ్‌ మీదుగా డిస్కులకు వెళ్లే డేటా పోతే కొనలేం. కాబట్టి ప్రతి దశలోనూ ‘డేటా ఇప్పుడు ఎక్కడుంది?’ అని అడుగుతూనే ముందుకెళ్లాలి.

ఇది పరీక్ష కోసమే పనికొచ్చే పాఠం కూడా కాదు. అమెజాన్‌ వెబ్‌ సర్వీసెస్‌ 2022 నవంబరులో హైదరాబాద్‌ రీజియన్‌ను ప్రారంభించింది. గూగుల్‌ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో ఏఐ హబ్‌కు అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఇలాంటి చోట్ల సర్వర్ల పక్కన నిలబడి పనిచేసే టెక్నీషియన్‌కు రోజూ ఎదురయ్యే పనుల్లో ఇదొకటి.

స్టోరేజీ సర్వర్‌లో ర్యామ్‌ పని ఏమిటి?

సర్వర్లలో వాడేది డైనమిక్‌ ర్యామ్‌. ఒక ట్రాన్సిస్టర్‌, ఒక కెపాసిటర్‌ కలిస్తే ఒక బిట్‌. ఈ నిర్మాణాన్ని కనిపెట్టింది ఐబీఎంకు చెందిన రాబర్ట్‌ డెన్నార్డ్‌. 1968లో దానికి పేటెంట్‌ వచ్చింది. కెపాసిటర్‌లోని చార్జి కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్ల లోపు దాన్ని తిరిగి నింపాలి. దీన్నే రిఫ్రెష్‌ అంటారు. కరెంటు పోతే అందులోని సమాచారమూ పోతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

స్టోరేజీ సర్వర్‌లో ర్యామ్‌కు దీనికి మించిన బాధ్యత ఉంది. నెట్‌వర్క్‌ నుంచి వచ్చిన ప్రతి ఫైలూ ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచే డిస్కులకు చేరుతుంది. జడ్‌ఎఫ్‌ఎస్‌ ఫైల్‌ సిస్టమ్‌నే తీసుకోండి. సన్‌ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్‌ బాన్‌విక్‌, మాథ్యూ ఆరెన్స్‌ 2001లో దీని రూపకల్పన మొదలుపెట్టారు. ఇది రాయాల్సిన డేటాను ర్యామ్‌లో పోగుచేసి, సెట్టింగ్‌ మార్చకపోతే సుమారు 5 సెకన్లకోసారి గుత్తగా డిస్కుకు పంపుతుంది. వెంటనే రాసి తీరాలని అప్లికేషన్‌ కోరిన డేటా మాత్రం ముందుగా డిస్కు మీది లాగ్‌లోకి వెళుతుంది. రెయిడ్‌ కంట్రోలర్‌ కార్డు ఉన్న సర్వర్లలో ఆ కార్డుకు సొంత క్యాష్‌ మెమరీ ఉంటుంది. అది రైట్‌బ్యాక్‌ పద్ధతిలో ఉంటే, డేటా ఇంకా డిస్కు చేరకముందే ‘రాసేశాను’ అని సమాధానం ఇస్తుంది. సరుకు ఇచ్చేసి పద్దు తర్వాత రాద్దామని గుమస్తా మనసులో పెట్టుకున్న లెక్క లాంటిది ఇది. పద్దు ఎక్కేలోపు గుమస్తాను కదిలిస్తే లెక్క గల్లంతే. రైట్‌త్రూ పద్ధతిలో డిస్కు మీద రాశాకే సమాధానం వస్తుంది. వేగం తక్కువ, భద్రత ఎక్కువ. ఈ రెండింటి తేడాను ఒక మార్కు ప్రశ్నగా తరచూ అడుగుతారు.

ఇక్కడ విద్యార్థులు గమనించని మరో సంగతి ఉంది. ‘డిస్కులకు రెయిడ్‌ ఉంది కదా, ర్యామ్‌ తప్పు చేస్తే ఏమవుతుంది?’ అనుకుంటారు. రెయిడ్‌ ప్యారిటీని లెక్కించేది మెమరీలో ఉన్న డేటా మీద. ఫైల్‌ సిస్టమ్‌ చెక్‌సమ్‌ను లెక్కించేదీ ఆ డేటా మీదే. లెక్క కట్టకముందే ర్యామ్‌లో ఒక బిట్‌ తారుమారైతే, తప్పుడు డేటాకు సరైన చెక్‌సమ్‌ పడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తనిఖీ చేసినా ‘అంతా బాగానే ఉంది’ అనే వస్తుంది. స్టోరేజీ సర్వర్‌లో చెడిన ర్యామ్‌ను వారాల తరబడి వదిలేయకూడదనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

తప్పు ఎలా పుడుతుంది? ఈసీసీ దాన్ని ఎలా పట్టుకుంటుంది?

మెమరీ తప్పులు రెండు రకాలు. బిట్‌ ఒకసారి తారుమారై, మళ్లీ రాస్తే సరైపోయేది సాఫ్ట్‌ ఎర్రర్‌. చిప్పులోని భాగమే దెబ్బతిని, అదే చోట మళ్లీ మళ్లీ వచ్చేది హార్డ్‌ ఎర్రర్‌. చిప్‌ ప్యాకేజీలోని పదార్థంలో అతి స్వల్పంగా ఉండే రేడియోధార్మిక మూలకాల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు సాఫ్ట్‌ ఎర్రర్లకు కారణమవుతున్నాయని ఇంటెల్‌కు చెందిన తిమోతీ మే, ముర్రే వుడ్స్‌ 1978లో చూపించారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్‌ కిరణాలూ ఈ పని చేస్తాయి.

చాలాకాలం పాటు సాఫ్ట్‌ ఎర్రర్లే ఎక్కువనే అభిప్రాయం ఉండేది. గూగుల్‌ సర్వర్ల రికార్డులను పరిశీలించి బియాంకా ష్రోడర్‌, ఎడ్వార్డో పిన్యేరో, వోల్ఫ్‌ డీట్రిచ్‌ వెబర్‌ 2009లో ప్రచురించిన అధ్యయనం ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఏడాదిలో 8 శాతానికి పైగా మాడ్యూళ్లు కనీసం ఒక తప్పు చూపాయి. యంత్రాల లెక్కన చూస్తే దాదాపు మూడో వంతు. అంతకన్నా ముఖ్యమైన విషయం: ఒకసారి సవరించదగ్గ తప్పు చూపిన మాడ్యూల్‌ అదే నెలలో మళ్లీ తప్పు చూపే అవకాశం మిగతావాటితో పోలిస్తే 13 నుంచి 228 రెట్లు ఎక్కువగా తేలింది. తప్పులు గాలివాటుగా అన్ని మాడ్యూళ్లకూ సమానంగా రావడం లేదు. కొన్ని మాడ్యూళ్లనే పట్టుకుని ఉంటున్నాయి. ‘ఒకసారి వచ్చింది కదా, చూద్దాం’ అని లాగ్‌ను చెరిపేసి ఊరుకోవడం ఎందుకు తప్పో ఈ అంకెలే చెబుతాయి.

సర్వర్‌ ర్యామ్‌లో ఈసీసీ ఉంటుంది. ఎర్రర్‌ కరెక్టింగ్‌ కోడ్‌ అన్నమాట. దీనికి మూలం బెల్‌ ల్యాబ్స్‌లో రిచర్డ్‌ హామింగ్‌ 1950లో ప్రచురించిన పత్రం. లెక్క ఇలా ఉంటుంది. 64 డేటా బిట్లలో ఎక్కడ తప్పు జరిగిందో కనిపెట్టాలంటే అదనంగా ఎన్ని చెక్‌ బిట్లు కావాలి? చెక్‌ బిట్ల సంఖ్యను 2కు ఘాతంగా వేస్తే వచ్చే విలువ, డేటా బిట్లు, చెక్‌ బిట్లు, మరొకటి కలిపిన మొత్తానికి తగ్గకూడదు. 6 బిట్లు తీసుకుంటే 2 ఘాతం 6 అంటే 64; కానీ 64+6+1=71. చాలదు. 7 తీసుకుంటే 2 ఘాతం 7 అంటే 128; 64+7+1=72. సరిపోతుంది. ఒక బిట్‌ తప్పును సవరించడానికి ఈ 7 చాలు. రెండు బిట్లు ఒకేసారి తప్పితే కనీసం గుర్తించడానికి మరో ప్యారిటీ బిట్‌ కలుపుతారు. మొత్తం 8. అందుకే ఈసీసీ ఉన్న డీడీఆర్‌4 మాడ్యూల్‌ వెడల్పు 64 కాకుండా 72 బిట్లు ఉంటుంది.

ఒక బిట్‌ తప్పితే అది సవరించదగ్గ తప్పు: సర్వర్‌ నడుస్తూనే ఉంటుంది, లాగ్‌లో నమోదవుతుంది. రెండు బిట్లు తప్పితే సవరించలేని తప్పు: చెడిన డేటాను ముందుకు పంపడం కన్నా ఆగిపోవడమే మేలని యంత్రం సాధారణంగా నిలిచిపోతుంది. ఈ నిలిచిపోవడాన్ని లోపంగా రాయకండి, అది రక్షణ. ఒక చిప్పు మొత్తం చెడినా తట్టుకునే ఐబీఎం చిప్‌కిల్‌ లాంటి పద్ధతులూ ఉన్నాయి. డీడీఆర్‌5 విషయంలో ఒక చిక్కు ప్రశ్న అడగడానికి వీలుంది. ప్రతి డీడీఆర్‌5 చిప్పులోనూ లోపలి ఈసీసీ ఉంటుంది. అయినంత మాత్రాన ఆ మాడ్యూల్‌ ఈసీసీ మాడ్యూల్‌ అయిపోదు. చిప్పు లోపలి ఈసీసీ ఆ చిప్పులోని తప్పులనే చూస్తుంది. చిప్పు నుంచి ప్రాసెసర్‌ దాకా వచ్చే దారిని చూడదు.

చెడింది ఏది? గుర్తించడమే సగం పని

సర్వర్‌ బోర్డు మీద ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా పనిచేసే చిన్న పర్యవేక్షణ కంట్రోలర్‌ ఉంటుంది. దీన్ని బీఎంసీ అంటారు. డెల్‌ సర్వర్లలో దీని పేరు ఐడ్రాక్‌, హెచ్‌పీఈలో ఐఎల్‌ఓ. ఏ స్లాట్‌లో ఏ తేదీన ఎలాంటి తప్పు వచ్చిందో దీని లాగ్‌లో ఉంటుంది. లినక్స్‌లో ఈడాక్‌ అనే భాగం కూడా ఈ లెక్కలు ఉంచుతుంది. రెండింటినీ సరిచూసుకోవాలి.

స్లాట్‌ పేర్ల దగ్గర చాలా పొరపాట్లు జరుగుతాయి. డెల్‌ ఆర్‌740ఎక్స్‌డీ సర్వర్‌ను చూద్దాం. రెండు ప్రాసెసర్లు, మొత్తం 24 మెమరీ స్లాట్లు. మొదటి ప్రాసెసర్‌వి ఏ1 నుంచి ఏ12, రెండోదానివి బీ1 నుంచి బీ12. ఒక్కో ప్రాసెసర్‌కు 6 చానళ్లు, చానల్‌కు రెండు స్లాట్లు. చానల్‌లో ముందుగా నింపాల్సిన స్లాట్‌ గొళ్లేలు తెల్లగా, రెండోదానివి నల్లగా ఉంటాయి. బోర్డు మీద ఏ1 పక్కనే ఏ2 ఉంటుందని అనుకుని ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్తే మంచి మాడ్యూల్‌ను తీసి చెడ్డదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. మూత లోపలివైపు అతికించిన పటం చూసి, బోర్డు మీద ముద్రించిన పేరుతో పోల్చి, అప్పుడే చేయి పెట్టాలి. ఫలానా స్లాట్‌లోని మాడ్యూల్‌ సీరియల్‌ నంబరును బీఎంసీ చూపిస్తుంది. దాన్ని ముందే రాసుకుని, తీసిన మాడ్యూల్‌ లేబుల్‌ మీది నంబరుతో సరిచూస్తే అనుమానానికి తావుండదు.

తప్పు మాడ్యూల్‌దా, స్లాట్‌దా? ఈ సందేహం తీరడానికి ఒక పరీక్ష ఉంది. అనుమానం ఉన్న మాడ్యూల్‌ను మరో స్లాట్‌లోని అలాంటి మాడ్యూల్‌తో అటూఇటూ మార్చి చూడాలి. తప్పు మాడ్యూల్‌ వెంట వెళితే మాడ్యూలే చెడింది. పాత స్లాట్‌లోనే ఉండిపోతే స్లాట్‌, ప్రాసెసర్‌ సాకెట్‌ పిన్నులు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌.. వీటిలో ఏదో ఒకటి. కొత్త ర్యామ్‌ కొన్నా ఆ సమస్య పోదు. అయితే అసలు డేటా ఉన్న సర్వర్‌ మీద ఈ ప్రయోగం చేయాలంటే అదనంగా మరోసారి ఆపాలి. చేతిలో కొత్త మాడ్యూల్‌ సిద్ధంగా ఉంటే నేరుగా మార్చేయడమే నయమని నా అభిప్రాయం.

డీడీఆర్‌4, డీడీఆర్‌5 చిప్పుల్లో చెడిన వరస స్థానంలో అదనపు వరసను వాడుకునే సదుపాయం కూడా ఉంది. పోస్ట్‌ ప్యాకేజ్‌ రిపేర్‌ అంటారు. దాన్ని వాడే సర్వర్‌ ఒకసారి రీస్టార్ట్‌ అయ్యాక తానే సరిచేసుకోవచ్చు. ఆ తర్వాత కూడా తప్పులు ఆగకపోతే మార్చాల్సిందే.

కొత్త మాడ్యూల్‌ ఎంపిక: లేబుల్‌ చదవడం నేర్చుకోండి

సర్వర్‌ మెమరీ మాడ్యూల్‌ మీద ‘32జీబీ 2ఆర్‌×4 పీసీ4-2666వీ-ఆర్‌’ అన్నట్టుగా ఒక కోడ్‌ ఉంటుంది. ఇందులో 2ఆర్‌ అంటే రెండు ర్యాంకులు. ×4 అంటే ఒక్కో చిప్పు ఒకేసారి 4 బిట్లు ఇస్తుంది. పీసీ4 అంటే డీడీఆర్‌4. 2666 అంటే సెకనుకు 2,666 మెగా ట్రాన్స్‌ఫర్లు. దాన్ని 8 బైట్లతో హెచ్చవేస్తే సెకనుకు దాదాపు 21.3 గిగాబైట్ల వేగం. చివరి ఆర్‌ అక్షరం రిజిస్టర్డ్‌ మాడ్యూల్‌ అని చెబుతుంది. ఎల్‌ అయితే లోడ్‌ రెడ్యూస్డ్‌, ఈ అయితే రిజిస్టర్‌ లేని ఈసీసీ మాడ్యూల్‌.

ఈ కోడ్‌ నుంచి చిప్పుల సంఖ్యను కూడా లెక్కగట్టవచ్చు. ఒక ర్యాంకుకు 64 డేటా బిట్లు కావాలి. చిప్పుకు 4 బిట్లు కాబట్టి 16 చిప్పులు. ఈసీసీకి 8 బిట్లు, అంటే మరో 2 చిప్పులు. ర్యాంకుకు 18, రెండు ర్యాంకులకు 36. డేటా చిప్పులు 32. ఒక్కోటి 8 గిగాబిట్లదైతే 256 గిగాబిట్లు, అంటే 32 గిగాబైట్లు. లేబుల్‌ మీద రాసిన సంఖ్యకు సరిపోయింది. మల్టిపుల్‌ చాయిస్‌ ప్రశ్నల్లో ఈ లెక్క నిమిషంలో తేలిపోతుంది.

ఎంపికలో నియమం సూటిగా ఉంది: తీసినదానికి సరిసమానమైనదే పెట్టాలి. సామర్థ్యం, ర్యాంకులు, చిప్‌ వెడల్పు, వేగం, రకం అన్నీ కలవాలి. రిజిస్టర్డ్‌, లోడ్‌ రెడ్యూస్డ్‌ మాడ్యూళ్లను ఒకే సర్వర్‌లో కలపకూడదు. వేగంలో తక్కువది కలిపితే మిగతావన్నీ దాని వేగానికే దిగుతాయి. తరాల మధ్య తేడా మరీ స్పష్టం. డీడీఆర్‌3కి 240 పిన్నులు, 1.5 వోల్టులు, డీడీఆర్‌4కి 288 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్‌5కీ పిన్నులు 288 అయినా చిప్పుల వోల్టేజీ 1.1. గాడి ఉండే చోటు మూడింటికీ వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. డీడీఆర్‌5లో ఒక అడుగు ముందుకేసి, వోల్టేజీని మార్చే చిప్పును మాడ్యూల్‌ మీదే పెట్టారు. రిజిస్టర్డ్‌ మాడ్యూల్‌కు 12 వోల్టులు, మామూలు డెస్క్‌టాప్‌ మాడ్యూల్‌కు 5 వోల్టులు అందుతాయి. ఆ రెండింటి గాళ్లు కూడా వేరుగా ఉండేది అందుకే.

పవర్‌ తీసే ముందు

సమాధానంలో ఎక్కువ మార్కులు పొందాల్సిన భాగం ఇదే. బ్యాకప్‌ ఉందా అన్నది మొదటి ప్రశ్న. స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌గా రాయకండి. అది అవే డిస్కుల మీద ఉంటుంది. వేరే యంత్రంలో ఉన్న ప్రతినే బ్యాకప్‌ అనాలి. అదీ ఒక ఫైల్‌ను వెనక్కి తెచ్చి చూశాకే నమ్మాలి.

సర్వర్‌కు ఒకటే కంట్రోలర్‌ ఉంటే సేవ ఆగక తప్పదు. వాడేవారికి ముందుగా తెలియజేసి, రద్దీ లేని సమయం చూసుకోవాలి. వర్చువల్‌ మెషీన్లు, డేటాబేస్‌లు ముందు ఆగాలి, స్టోరేజీ చివర ఆగాలి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఈ వరస తిరగబడుతుంది: స్టోరేజీ ముందు, మిగతావి తర్వాత. ఆపరేటింగ్‌ సిస్టమ్‌ నుంచే పద్ధతిగా షట్‌డౌన్‌ చేయాలి. అప్పుడే ర్యామ్‌లో మిగిలిన డేటా మొత్తం డిస్కుల్లోకి దిగుతుంది. పవర్‌ బటన్‌ను నొక్కి పట్టుకుని ఆపేస్తే ఆ పని జరగదు. రెయిడ్‌ కార్డు ఉంటే దాని క్యాష్‌ను కాపాడే బ్యాటరీ ఆరోగ్యం చూడాలి. బ్యాటరీ చెడి ఉంటే క్యాష్‌ను రైట్‌త్రూకు మార్చి, అందులో ఏమీ మిగల్లేదని నిర్ధారించుకున్నాకే ఆపాలి.

రెండు కంట్రోలర్లు ఉన్న పెట్టెల్లో సేవ ఆపనక్కర్లేదు. నెట్‌యాప్‌ ఎఫ్‌ఏఎస్‌ శ్రేణి దీనికి మంచి ఉదాహరణ. అక్కడ రెండు కంట్రోలర్లు జంటగా పనిచేస్తూ, ఒకదానిలో ఇంకా డిస్కుకు చేరని రాతల ప్రతిని మరొకటి కూడా ఉంచుకుంటుంది. ముందుగా, బాధ్యతలు వాటంతట అవే వెనక్కి వెళ్లే సెట్టింగ్‌ను నిలిపివేస్తారు. లేకపోతే పని మధ్యలో ఉండగా కంట్రోలర్‌ రీస్టార్ట్‌ కాగానే భారం మళ్లీ దాని మీద పడుతుంది. తర్వాత మంచి కంట్రోలర్‌ మొత్తం బాధ్యత తీసుకుంటుంది. దీన్ని టేకోవర్‌ అంటారు. రెండు కంట్రోలర్ల పని ఒక్కటే మోయాలి కాబట్టి దానికి ఆ సత్తువ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎస్‌ వాడే యంత్రాలు కాసేపు నిలిచి మళ్లీ నడుస్తాయి. ఎస్‌ఎంబీ సెషన్లు కొన్ని తెగిపోవచ్చు. చెడిన మాడ్యూల్‌ ఉన్న కంట్రోలర్‌ను ఆపి బయటికి తీస్తారు. కొన్ని మోడళ్లలో అప్పుడు దాని మీద ఎన్‌వీర్యామ్‌ (డిస్కుకు చేరని రాతలను ఉంచే మెమరీ) లైటు మిణుకుమంటూ ఉంటుంది. లోపలి డేటా ఫ్లాష్‌లోకి దిగుతోందని దాని అర్థం. ఆ లైటు ఆరేదాకా బ్యాటరీని గానీ మెమరీని గానీ ముట్టుకోకూడదు. మార్పిడి పూర్తయ్యాక బాధ్యతను తిరిగి అప్పగించడం గివ్‌బ్యాక్‌. టేకోవర్‌, గివ్‌బ్యాక్‌ అన్న రెండు మాటలూ సమాధానంలో కచ్చితంగా ఉండాలి.

స్థిర విద్యుత్తు: కనిపించని దెబ్బ

మన ఒంటి మీది స్థిర విద్యుత్తు చురుక్కుమనిపించాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. సున్నితమైన చిప్పులు 100 వోల్టులకే దెబ్బతినవచ్చు. అంటే చేతికి ఏమీ తెలియకుండానే చిప్పును పాడుచేయగలం. ఆ దెబ్బ వెంటనే బయటపడకపోవడం ఇంకా పెద్ద ఇబ్బంది. మాడ్యూల్‌ ఇవాళ పనిచేసి, వారాల తర్వాత తప్పులు చూపొచ్చు. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటే ఈ ముప్పు పెరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర నగరాల్లో బయట ఎంత ఉక్కగా ఉన్నా సర్వర్‌ గదిలో తేమ ఎంతో వేరుగా చూడాలి. పాలిస్టర్‌ దుస్తుల కన్నా నూలు దుస్తులు మేలు.

మణికట్టుకు కట్టుకునే యాంటీస్టాటిక్‌ పట్టీలో 1 మెగాఓమ్‌ నిరోధం ఉంటుంది. ఎందుకని అడుగుతారు. పొరపాటున 230 వోల్టుల లైను తగిలినా, 230ని 10 లక్షలతో భాగిస్తే 0.23 మిల్లీ ఆంపియర్‌ కరెంటే ఒంట్లోంచి పోతుంది. ప్రాణాపాయం ఉండదు. స్థిర చార్జి మాత్రం ఆ నిరోధం గుండానే నెమ్మదిగా దిగిపోతుంది. అందుకే పట్టీ బదులు ఉత్త తీగ కట్టుకోకూడదు. పట్టీ కొసను సర్వర్‌ చాసిస్‌ మీద రంగు వేయని లోహ భాగానికి తగిలించాలి. మనిషి, యంత్రం, మాడ్యూల్‌ మూడూ ఒకే పొటెన్షియల్‌లో ఉండాలన్నదే ఇందులోని సూత్రం. కొత్త మాడ్యూల్‌ను అమర్చే క్షణం దాకా సంచిలోనే ఉంచాలి. మెరిసే బూడిదరంగు షీల్డింగ్‌ సంచి బయటి చార్జిని అడ్డుకుంటుంది; గులాబీరంగు సంచి తనలో చార్జి పుట్టనివ్వదు గానీ బయటినుంచి వచ్చేదాన్ని ఆపలేదు.

మార్చే విధానం

షట్‌డౌన్‌ పూర్తయ్యాక పవర్‌ త్రాళ్లు తీయాలి. సర్వర్‌కు సాధారణంగా రెండు పవర్‌ సప్లైలు ఉంటాయి. ఒకటి తీసి రెండోది మరిచిపోతే బోర్డులో కరెంటు ఉన్నట్టే. ఆపి ఉన్నా స్టాండ్‌బై వోల్టేజీ నడుస్తూనే ఉంటుంది. రెండూ తీశాక పవర్‌ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలిన చార్జి దిగిపోతుంది. బోర్డు మీది లైట్లన్నీ ఆరాయో లేదో చూడాలి. డిస్కులతో నిండిన సర్వర్‌ బరువుగా ఉంటుంది కాబట్టి ర్యాక్‌ నుంచి బయటికి లాగేటప్పుడు ఇద్దరుండాలి. డిస్కులను ముట్టుకోనక్కర్లేదు.

మూత, గాలి తొడుగు తీశాక కాసేపు ఆగాలి. అప్పటిదాకా పనిచేసిన మాడ్యూళ్లు చేయి కాలేంత వేడిగా ఉండొచ్చు. చెడినదాన్ని గుర్తించాక స్లాట్‌ రెండు కొసల్లోని గొళ్లేలను ఒకేసారి బయటికి నొక్కితే మాడ్యూల్‌ పైకి లేస్తుంది. చిప్పులను, బంగారు పూత ఉన్న అంచును తాకకుండా పక్క అంచులు పట్టుకుని నిటారుగా తీయాలి. స్లాట్‌లో దుమ్ముందేమో చూడాలి. నోటితో ఊదితే తడి చేరుతుంది, ఊదొద్దు.

కొత్తదాని గాడిని స్లాట్‌లోని గట్టుతో సరిపోల్చుకోవాలి. రెండు బొటనవేళ్లను రెండు కొసల మీద పెట్టి, సమానంగా, నిటారుగా నొక్కాలి. డీడీఆర్‌4 అంచు తిన్నగా ఉండదు, మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది. అన్ని పిన్నులూ ఒక్కసారే తగలకుండా చేసి, నొక్కాల్సిన బలాన్ని తగ్గించడానికి అలా చేశారు. చూడగానే వంగిందేమోనని కంగారు పడొద్దు. గొళ్లేలు రెండూ వాటంతట అవే మూసుకుని టక్కున శబ్దం వస్తేనే కూర్చున్నట్టు. వేలితో గొళ్లేన్ని బలవంతంగా మూస్తే సగమే దిగిన మాడ్యూల్‌ దిగినట్టు కనిపిస్తుంది. ఖాళీ స్లాట్లలో ప్లాస్టిక్‌ డమ్మీలు ఉంటే వాటిని అలాగే ఉంచాలి, గాలి తొడుగును తిరిగి పెట్టాలి. అవి లేకపోతే గాలి దారి మారి ప్రాసెసర్‌, మెమరీ వేడెక్కుతాయి.

పవర్‌ ఇచ్చాక

మెమరీ మారిన తర్వాత మొదటిసారి బూట్‌ అయ్యేటప్పుడు సర్వర్‌ ప్రతి మాడ్యూల్‌తో సంకేతాల సమయాన్ని సరిచూసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్‌ అంటారు. తెర మీద కొన్ని నిమిషాలు ఏమీ కనబడకపోవచ్చు. కంగారుపడి పవర్‌ తీయకండి. తర్వాత మొత్తం ఎంత చూపిస్తోందో చూడాలి. 32 జీబీ మాడ్యూళ్లు 12 ఉంటే 384 జీబీ రావాలి. 352 వస్తే ఒక మాడ్యూల్‌ సరిగా కూర్చోలేదన్నమాట. వేగం కూడా ముందున్నంతే ఉందో లేదో చూడాలి.

సేవ మొదలుపెట్టే ముందు మెమరీ పరీక్ష నడపాలి. మెమ్‌టెస్ట్‌ లాంటి ప్రోగ్రామ్‌ తప్పులేమీ లేవని చెప్పినా బీఎంసీ లాగ్‌ చూడాలి. ఈసీసీ తప్పును సరిదిద్దేస్తే ఆ ప్రోగ్రామ్‌కు తప్పు కనిపించకపోవచ్చు. జడ్‌ఎఫ్‌ఎస్‌ ఉంటే ఈ పరీక్ష తర్వాత స్క్రబ్‌ చేయాలి; డిస్కుల్లోని డేటా మొత్తాన్నీ చదివి చెక్‌సమ్‌తో పోల్చే పని అది. ఈ వరస ముఖ్యం. ర్యామ్‌ బాగుందని తేలకముందే స్క్రబ్‌ మొదలుపెట్టకూడదు, ఎందుకంటే సరిచేసేదీ ర్యామ్‌లోనే కదా. సవరించలేని తప్పులు వచ్చిన రోజుల్లో రాసిన ఫైళ్లను మాత్రం బ్యాకప్‌తో, లేదా అవి వచ్చిన మూలంతో పోల్చి చూడాలి. స్క్రబ్‌ బాగుందన్నంత మాత్రాన అవి సరైనవని చెప్పలేం. కారణం పైన చూశాం.

తీసిన మాడ్యూల్‌

వారంటీ కోసం పంపేటప్పుడు షీల్డింగ్‌ సంచిలో పెట్టి, స్లాట్‌ పేరు, లాగ్‌ ప్రతి జతచేయాలి. పవర్‌ పోగానే ర్యామ్‌ ఖాళీ అవుతుందని పుస్తకాల్లో చదువుతాం. అది క్షణంలో జరగదని, కొన్ని సెకన్ల నుంచి నిమిషాల దాకా డేటా మిగలొచ్చని, చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు ఉంటుందని ప్రిన్స్‌టన్‌ పరిశోధకులు 2008లో చూపారు. ఇలా మిగిలిన డేటాను చదివేయడమే కోల్డ్‌ బూట్‌ దాడి. మామూలు మాడ్యూల్‌ను సంచిలో పెట్టి పంపేసరికి ఆ ప్రమాదం ఉండదు. ఎన్‌వీడిమ్‌ మాత్రం వేరు. చూడటానికి ర్యామ్‌ లాగే ఉన్నా దాని మీద ఫ్లాష్‌ ఉంటుంది, డేటా నిలిచి ఉంటుంది. డిస్కును చెరిపినట్టే దాన్నీ చెరిపి పంపాలి. పారేయాల్సి వస్తే 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వాలి.

పరీక్షలో ఎలా అడుగుతారు?

‘64 బిట్ల పదంలో ఒక బిట్‌ తప్పును సవరించి, రెండు బిట్ల తప్పును గుర్తించడానికి కావలసిన చెక్‌ బిట్లు ఎన్ని?’ 8. ఇక్కడ 7 ఆప్షన్‌ కూడా ఇస్తారు. సవరణ ఒక్కటే అడిగితేనే అది సరైనది. ‘రెయిడ్‌ కంట్రోలర్‌ బ్యాటరీ చెడినప్పుడు సురక్షితమైన క్యాష్‌ పద్ధతి ఏది?’ రైట్‌త్రూ. ‘డీడీఆర్‌4, డీడీఆర్‌5 రెండింటికీ 288 పిన్నులే. అయినా ఒకదాని స్లాట్‌లో మరొకటి ఎందుకు పట్టదు?’ గాడి చోటు వేరు. ‘అనుమానం ఉన్న మాడ్యూల్‌ను వేరే స్లాట్‌కు మార్చినా తప్పు పాత స్లాట్‌లోనే వస్తోంది. కారణం?’ స్లాట్‌ లేదా ప్రాసెసర్‌ వైపు లోపం.

పది మార్కుల ప్రశ్నకు దశలను నంబర్లు వేసి రాయండి. అయితే స్క్రూడ్రైవర్‌తో మొదలుపెట్టకండి. లాగ్‌ నుంచి గుర్తింపు, సరిసమానమైన మాడ్యూల్‌, బ్యాకప్‌, సేవ నిలుపుదల లేదా టేకోవర్‌, క్యాష్‌ ఖాళీ, రెండు త్రాళ్లూ తీయడం.. ఇవన్నీ అయ్యాకే మూత తీసినట్టు రాయాలి. ప్రతి దశ పక్కన ఎందుకో ఒక్క వాక్యం ఉంటే దిద్దేవారు మార్కు తగ్గించలేరు. మీ కాలేజీ ల్యాబ్‌లో పక్కన పడేసిన పాత సర్వర్‌ ఉంటే అధ్యాపకుల అనుమతి తీసుకుని ఒక మాడ్యూల్‌ బయటికి తీయండి. లేబుల్‌ చదివి, చిప్పులు ఎన్ని ఉండాలో కాగితం మీద లెక్కకట్టి, ఆ తర్వాత మాడ్యూల్‌ను తిప్పి చూసి లెక్కపెట్టండి.